భూపాలపల్లి ఆదివారాలు

భూపాలపల్లి
8 జూలై 2024

విజయక్కకు,

కవరు మీద నా చేతిరాత చూసి చింపేయకుండా ఇక్కడిదాకా చదివితే అదే చాలు. నువ్వు నా నంబరు ఆపేసి మూడేళ్లు దాటింది. తాగి ఫోన్ చేసి నిన్ను తిట్టిన తిట్లకు అది తక్కువ శిక్షే. ఇంటికి రాస్తే బావ చేతిలో పడుతుందని నువ్వు పనిచేసే జనగామ బస్సు డిపోకి రాస్తున్నాను.

నేనిప్పుడు భూపాలపల్లిలో ఉన్నాను. గని దగ్గర ఒక మెస్సులో వంట చేస్తున్నాను. ఫిబ్రవరి నుంచి తాగలేదు. ఆదివారం పొద్దున ఇక్కడి లూథరన్ చర్చికి పోతున్నాను. గుంటూరు వైపు నుంచి గని పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు కట్టుకున్న చిన్న రేకుల చర్చి అది. నాతో పనిచేసే ఐలేశ్ వాళ్ల పండుగ భోజనాలకు మెస్సు గిన్నెలు అడిగాడు. వాటిని మళ్లీ తెచ్చుకుందామని పోయి, ఆరాధన అయ్యేదాకా వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఒక్క వారం తప్పలేదు.

అక్కడ కూర్చుంటే నిమ్మళంగా ఉంటుంది. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

నీ తమ్ముడు
సంజీవ

---

జనగామ
19 జూలై 2024

సంజీవా,

తాగడం మానేశానని నువ్వు నాకు చెప్పడం ఇది నాలుగోసారి. మొదటిసారి మనల్ని కన్న అవ్వ ఫొటో మీద ఒట్టు పెట్టావు. రెండోసారి మందు మాన్పించే ఆస్పత్రిలో చేరానన్నావు. నేను పండ్లు తీసుకుని అక్కడికి పోతే ఆ పేరు గలవాడే లేడన్నారు. మూడోసారి ఏం చెప్పావో గుర్తు పెట్టుకోలేదు.

పదహారేళ్లుగా కండక్టర్ని. పాసు ఇంట్లో మర్చిపోయామని చెప్పేవాళ్లను రోజూ చూస్తాను. నిజంగా మర్చిపోయినవాడు కంగారుపడతాడు. అబద్ధం చెప్పేవాడు నవ్వుతాడు. నీ ఉత్తరం నవ్వుతున్నట్టే ఉంది.

అడిగినవాటికి తిన్నగా జవాబు రాయి. నిన్ను అక్కడికి ఎవరు పిలిచారు, ఏం ఆశ చూపించారు? పేరు మార్చుకున్నావా? అవ్వ సంవత్సరీకానికి ఇక రావా? అక్కడ ఎవరైనా ఆడమనిషి ఉందా? మన ఊరు దంతాలపల్లిలో ఉన్న చెలక అమ్ముకోవడానికి నా సంతకం ఏమైనా కావాలా? మూడేళ్లు లేని అక్క ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చింది?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఉత్తరానికి మందు వాసన లేదు.

విజయ

---

భూపాలపల్లి
29 జూలై 2024

అక్కా,

ఎవరూ ఏ ఆశా చూపలేదు. నీ సంతకం అక్కర్లేదు. ఆడమనిషి లేదు, నా పక్కన కూర్చునే ముసలమ్మ మాత్రం నేను పాట తప్పు పాడితే మోచేత్తో పొడుస్తుంది. పేరు అదే. బాప్తిస్మం ఇంకా తీసుకోలేదు. పాస్టరు గారిని అడిగితే, "తొందరేముంది బాబూ, కూర్చోండి, వినండి" అన్నారు.

అక్కడ ప్రతి వారం ఒకే క్రమం. మొదట అందరూ మోకరించి తప్పు ఒప్పుకుంటారు. ఆలోచనలో, మాటలో, పనిలో తప్పు చేశామని ఒక్క గొంతుతో చెబుతారు. చేసినవే కాదు, చేయాల్సి ఉండి చేయకుండా వదిలేసినవి కూడా. తర్వాత పాస్టరు గారు మా వైపు తిరిగి, మీ పాపాలు క్షమించబడ్డాయని ప్రకటిస్తారు. ఆ తర్వాత పాట, వాక్యం, ప్రసంగం. వచ్చే వారం మళ్లీ అదే.

నాకు నచ్చింది అదే అక్కా. జీవితమంతా పూటకో కొత్త కథ అల్లినవాణ్ణి. నా మాట నేనే నమ్మను. అక్కడ నేను పలికే మాటలు వేరేవాళ్లు ఎప్పుడో రాసి పెట్టినవి. వాటిలో నా అబద్ధం కలపడానికి సందు లేదు.

కృప అంటే ఏందని ఐలేశ్‌ను అడిగాను. "కూపన్ లేనోనికి గూడ వడ్డించుడే" అన్నాడు. మెస్సులో ఉండేవాడు కదా, వాడికి తెలిసిన లెక్కలో చెప్పాడు.

సంవత్సరీకానికి పిలిస్తే వస్తాను.

సంజీవ

---

జనగామ
20 ఆగస్టు 2024

సంజీవా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "చేయకుండా వదిలేసినవి" అని రాసి, కింద గీత గీసి, మళ్లీ ఆ గీతను చెరపడానికి చూశావు. కాగితం అక్కడ పలచబడింది. ఏం వదిలేశావు నువ్వు?

నాకు ఒక సందేహం. వారం వారం ఒకాయన నిలబడి క్షమించబడ్డారు అంటే మీరంతా లేచి ఇళ్లకు పోతారా? మీరు ఎవరికి అన్యాయం చేశారో వాళ్లను అడగక్కర్లేదా? నా గాజులు అమ్ముకుని తాగింది నువ్వు. నేను క్షమించకముందే భూపాలపల్లిలో ఎవరో క్షమించేస్తే, మధ్యలో నేనేమైనట్టు?

నేను అంత తేలిగ్గా ఎవరినీ వదలను. ఆరేళ్ల కింద చెలకలో అవ్వను పాము కరిచినప్పుడు, ఆటో తెమ్మని నువ్వు పరుగెత్తి పోతే, పెండ్లి గిరాకీ ఉంది రానన్నాడు మన ఊళ్లో ఆటో నడిపే అమ్జద్. అతని భార్య యాస్మిన్ నాతో ఒకటో తరగతి నుంచి ఒకే పలక మీద రాసిన మనిషి. అయినా అవ్వ దినాలకు ఆమె గుమ్మం దాకా వస్తే, "మా అవ్వను సంపినోని పెండ్లానివి, నా గడప తొక్కకు" అని అందరి ముందు వెళ్లగొట్టాను. ఇప్పటికీ ఆ మాటకు బాధపడను.

నన్ను మార్చాలని చూడకు.

విజయ

---

భూపాలపల్లి
9 సెప్టెంబర్ 2024

అక్కా,

నీ ప్రశ్నను అలాగే తీసుకుపోయి పాస్టరు గారి ముందు పెట్టాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, "మీ అక్కగారు సరిగ్గా అడిగారండీ" అన్నారు. తర్వాత మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ మాటలు ఇప్పుడు రాయలేను.

ఈ మధ్య ఆరాధనలో కూర్చోవడం మొదట్లో ఉన్నంత సుఖంగా లేదు. అందరూ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ప్రభు బల్ల దగ్గరికి పోతున్నప్పుడు నేను వెనకే ఉంటాను. అయినా చర్చికి పోకుండా ఉండలేకపోతున్నాను. వారమంతా పొయ్యి ముందు నిలబడి, ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూస్తాను. వచ్చాక భయమేస్తుంది.

అమ్జద్ వాళ్లు ఊరు విడిచిపెట్టి పోయారని విన్నాను. ఇప్పుడు ఎక్కడ ఉన్నారో నీకేమైనా తెలుసా?

సంజీవ

---

జనగామ
3 అక్టోబర్ 2024

సంజీవా,

ఒక్క వారం తప్పలేదని రాసింది నువ్వే. సెప్టెంబర్ ఇరవై తొమ్మిది ఆదివారం. ఆ రోజు పొద్దున పది గంటలకు మహబూబాబాద్ బస్టాండులో నిన్ను మా డ్రైవర్ తిరుపతన్న చూశాడు. "నీ తమ్ముడు గోడకు ఒరిగి కూసున్నడు విజయా. మొకం గుంజుకపోయి ఉన్నది. పిలిస్తే పలుకలే" అన్నాడు. గోడకు ఒరిగి ఎప్పుడు కూర్చుంటావో నాకు తెలియదా?

చర్చి, మోకాళ్లు, ఒక్క గొంతు అని ఎంత అందంగా రాశావు! నేను సగం నమ్మాను కూడా. పోయిన వారం డ్యూటీలో ఊరికే ఆ మాటలు గుర్తొచ్చి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. నా మీద నాకే కోపం వస్తోంది.

అమ్జద్ చిరునామా నీకెందుకు? తాగి పోయి వాళ్ల మీద పడదామనా? వాళ్ల పాపాన వాళ్లు పోయారు. ఇక రాయకు.

విజయ

---

భూపాలపల్లి
7 అక్టోబర్ 2024

అక్కా,

ఇక రాయకన్నావు. ఈ ఒక్కటి చదువు. తర్వాత నీ ఇష్టం.

ఆ రోజు నేను తాగలేదు. అమ్జద్ మహబూబాబాద్‌లో గ్యాస్ పొయ్యిలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడని తెలిసి పోయాను. రోడ్డు అవతల నిలబడి గంటసేపు చూశాను. రోడ్డు దాటలేకపోయాను. తిరిగొచ్చి బస్టాండులో కూలబడ్డాను.

అమ్జద్ రానన్నాడన్నది అబద్ధం. నేను అతని ఇంటికే పోలేదు.

పాము కరిచిన వెంటనే అవ్వ తన కొంగు చింపి కాలికి తనే కట్టుకుంది. "ఉరుకు బిడ్డా, అమ్జద్ ఆటో తీస్కరా" అంది. ఉరికాను. దారిలో మన మోటరు కొట్టం ఉంది కదా, అందులో సీసా దాచి పెట్టుకున్నాను. ఒక్క గుక్క తాగితే ధైర్యం వస్తుందనుకున్నాను. అప్పటికే పొద్దున్నుంచి తాగి ఉన్నాను. అక్కడే పడిపోయి, లేచేసరికి ఎండ దిగిపోయింది. నేను చెలకకు పోయేసరికి సోమ్లీ, మిగతా కూలోళ్లు అవ్వ చుట్టూ నిలబడి ఉన్నారు. "ఆటో ఏదిరా?" అని అడిగారు. ఆ మధ్యాహ్నం అమ్జద్ పెండ్లివాళ్లను ఎక్కించుకుని మరిపెడ వైపు పోవడం ఊళ్లో అందరూ చూశారు. నా నోట్లోంచి అతని పేరు వచ్చేసింది.

అతను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. అతని ఆటో ఎక్కడం మానేశారు. నువ్వు యాస్మిన్‌ను వెళ్లగొడుతుంటే నేను పందిరి గుంజ పట్టుకుని చూస్తూ ఉన్నాను.

ఇది మొదట పాస్టరు గారికి చెప్పాను, నీ ప్రశ్న చూపించిన రోజున. ఇప్పుడు నీకు.

సంజీవ

---

జనగామ
18 నవంబర్ 2024

సంజీవా,

నలభై రోజులు పట్టింది కలం పట్టడానికి. మొదటి వారం ఎవరితో మాట్లాడానో, ఏ బస్సు ఎక్కానో నాకు గుర్తు లేదు. బావకు ఇంకా చెప్పలేదు.

ఇది కూడా ఇంకో కథేమోనని అనుమానం వచ్చింది. ఏడిపించి దగ్గరవుదామని చూస్తున్నావేమో అనిపించింది. అందుకే నిన్న సెలవు పెట్టి భూపాలపల్లి వచ్చాను. నీకు చెప్పలేదు. చర్చి పక్క కిటికీ దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చున్నాను. నువ్వు వెనక బల్ల మీదే ఉన్నావు. చిక్కిపోయావు. అందరూ తప్పు ఒప్పుకుంటున్నప్పుడు నీ పెదవులు కదలలేదు. అందరూ ముందుకు పోతుంటే నువ్వు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నావు. బళ్లో సారు పిలుస్తాడని భయపడ్డప్పుడు అలాగే కూర్చునేవాడివి.

నువ్వు గిన్నెలు కడగడానికి పోయాక పాస్టరు గారిని పట్టుకున్నాను. "మీకు తెలిసి కూడ ఊకున్నరా?" అని అడిగాను. ఎవరి గురించని అడగలేదు ఆయన.

"అతను చెప్పింది ఇంకొకరికి చెప్పడానికి నాకు హక్కు లేదమ్మా. మీతో, ఆ కుటుంబంతో చెప్పమని మాత్రం అడుగుతూనే ఉన్నాను."

"మరి వారం వారం క్షమించబడ్డరని ఎందుకు చెప్తున్నరు?"

"దాక్కోవడానికి కాదమ్మా చెప్పేది. ఆ మాట వింటే గానీ కొందరికి బయటికి వచ్చే ధైర్యం రాదు" అన్నారు. ఆయన కళ్లలోకి చూశాను. నవ్వలేదు.

అయినా సంజీవా, నాకు చెప్పి ఊరుకుంటే నేను నమ్మను. అమ్జద్ మొహం చూసి చెప్పు. చెప్పాకే నాకు రాయి.

విజయ

---

భూపాలపల్లి
16 డిసెంబర్ 2024

అక్కా,

చెప్పాను.

దుకాణంలో అమ్జద్ అన్న ఒక్కడే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి చేతిలో బర్నర్ కింద పెట్టాడు. నిలబడే అంతా చెప్పాను. అతను అడ్డు రాలేదు. అయ్యాక, "గిది నాకెందుకు చెప్తున్నవ్? నువ్వు నా ఇంటికి రాలేదని నాకు తెల్వదా?" అన్నాడు. "ఆరేండ్ల సంది తెలుసు. తెల్వనోళ్లకు చెప్పు. యాడ అన్నవో ఆడ చెప్పు." మళ్లీ బర్నర్ చేతిలోకి తీసుకున్నాడు.

పోయిన శుక్రవారం దంతాలపల్లి పోయాను. ఐలేశ్ వస్తానంటే వద్దన్నాను. ఆటోల అడ్డా దగ్గర చాయ్ హోటల్ ముందు నిలబడి గట్టిగా చెప్పాను. మొదట తాగొచ్చాననుకున్నారు. ఊరి పెద్ద రాజేందర్ పటేల్ దగ్గరికి వచ్చి నా నోరు వాసన చూశాడు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒక ఆటో డ్రైవర్ ఉమ్మేసి, "ఆనాడు ఆయన బండ్ల ఎవ్వల్ని ఎక్కనియ్యకుండ ఆపినోన్ని నేనే" అని తల పట్టుకుని కూర్చున్నాడు.

సోమ్లీ వచ్చింది. కొడుతుందనుకున్నాను. "మేం పోయేసరికి నీ అవ్వకు జర మాట ఉండె" అంది. "నా కొడుకు ఆటో తెస్తున్నడు, నన్ను తొవ్వ దిక్కు తిప్పి కూసోబెట్టుమన్నది. గా దిక్కే సూసుకుంట పోయింది." ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు ఏడుస్తవని చెప్పలే బిడ్డా" అంది.

అక్కా, అప్పుడు నాకు తాగాలనిపించింది. ఎంతగా అనిపించిందో రాయలేను. రెండు బస్సులు మారి వచ్చేశాను.

నిన్న ఆదివారం చర్చికి పోయాను. అదే మోకరింపు, అదే మాటలు. పాస్టరు గారు మా వైపు తిరిగి అదే చెప్పారు. నా కోసం ఒక్క అక్షరం మార్చలేదు. కానీ ఇన్నాళ్లూ ఆ మాట నా నెత్తి మీదుగా పోయి పక్కవాళ్లకు తగిలేది. ఎందుకంటే నేనేం చేశానో ఊళ్లో ఎవరికీ తెలియదు; క్షమించేది నన్ను కాదు, నేను వేసుకున్న వేషాన్ని. నిన్న అది నా మీదే ఆగింది. బరువేం తగ్గలేదు. అవ్వ ఇంకా ఆ తొవ్వ వైపు నా కోసం చూస్తూ ఉన్నట్టే ఉంది. ఆ బరువుతోనే లేచి నిలబడి పాట పాడాను. ముసలమ్మ పొడవలేదు.

నిన్ను క్షమించమని అడగడం లేదు. నువ్వు అడిగిన ప్రశ్నే నన్ను రోడ్డు దాటించింది. అది చెప్పాలనిపించింది.

సంజీవ

---

మహబూబాబాద్
12 జనవరి 2025

తమ్ముడూ,

ఈ ఉత్తరం అమ్జద్ అన్న దుకాణంలో, అతని బిల్లు కాగితం వెనక రాస్తున్నాను. రాత వంకరగా ఉంటే ఏమనుకోకు.

నీ ఉత్తరం వచ్చాక దంతాలపల్లి పోయి సోమ్లీని అడిగాను. చాయ్ హోటల్‌లో అడిగాను. నువ్వు రాసింది ఒక్క మాట పొల్లుపోలేదు. నిన్ను పరీక్షించడం అదే ఆఖరు అనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో తెలిసింది, నాకు అడగాల్సినవాళ్లు ఇంకెవరూ మిగల్లేదని. నన్ను నేనే అడగాలి. నువ్వు ఒక పేరు చెప్పావు సరే, నేను యాస్మిన్‌ను ఒక్కసారైనా అడిగానా? రోజుకు వందమంది మొహాలు చూసి అబద్ధం పట్టుకునేదాన్ని. ఆమె గుమ్మంలో నిలబడి "విజయా, మా ఆయన అసుంటోడు కాదే" అంటే ఆమె మొహం చూడలేదు. నీ అబద్ధం నీది. ఆ మాట మాత్రం నాది.

మూడుసార్లు మహబూబాబాద్ డ్యూటీ వేయించుకున్నాను. మూడుసార్లూ బస్టాండు దాటి పోలేదు. నువ్వు గోడకు ఒరిగి కూర్చున్న చోటే నేనూ కూర్చున్నాను. అప్పుడు నీ ఆదివారాలు గుర్తొచ్చాయి. అన్యాయం జరిగినదాన్ననుకుని నిన్ను ప్రశ్నలడిగాను కదా. అక్కడ కూర్చున్నప్పుడు మాత్రం, ఎవరైనా నా వైపు తిరిగి ఆ ఒక్క మాట అంటే బాగుండుననిపించింది. వట్టి మాటే కదా అని ఎగతాళి చేసిన మాట. అది లేకుండా లేవడం ఎంత కష్టమో తెలిసింది.

ఈ పొద్దు లేచాను.

దుకాణం వెనకే ఇల్లు. తలుపు తీసింది యాస్మినే. జుట్టు సగం నెరిసింది. రెండు చేతులూ తలుపుకు అడ్డం పెట్టి నిలబడింది. తెచ్చుకున్న మాటలన్నీ పోయాయి. "నిన్ను అడగకనే అన్న యాస్మిన్. అందరి ముంగట అన్న" అన్నాను. 

ఆమె ఏడవలేదు. "ఆరేండ్లల్ల నువ్వొస్తే ఏమనాల్నో దినాం అనుకున్న" అంది. "ఒక్కటి గూడ గుర్తొస్తలేదు." చేతులు మాత్రం తీయలేదు.

లోపలి నుంచి అమ్జద్ అన్న తల్లి జహీరా బేగం గొంతు వినిపించింది. ఆమెకు ఇప్పుడు చూపు ఆనదట. "ఎవరొచ్చిన్రు యాస్మిన్? గంత సేపు నిలబెట్టినవ్?"

యాస్మిన్ నన్ను చూస్తూనే ఉంది.  ముఖం తిప్పుకుంటుందేమోనని, తలుపు వేస్తుందేమోనని ఆమె కళ్లనే చూస్తున్నాను.

"విజయ, అమ్మీ" అంది అత్తతో. తలుపుకు అడ్డం పెట్టిన చేతులు తీసింది. "మన విజయ."

ఆ మాట వెనక్కి తీసుకుంటుందేమోనని నేను చప్పున లోపలికి పోయాను.

నీ అక్క
విజయ